చెప్పరానిదా, చెప్పించేదా? సైకెడెలిక్ అనుభవ కథనాల భాష: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సైలోసైబిన్, మెస్కలిన్, ఎల్.ఎస్.డి. వంటి సైకెడెలిక్ పదార్థాలపై పరిశోధన గత రెండు దశాబ్దాలలో మళ్లీ ఊపందుకుంది. తీవ్రమైన కుంగుబాటుకు, మరణభయానికి ఇవి చికిత్స కాగలవా అన్న ప్రశ్నతోపాటు చైతన్యం అంటే ఏమిటన్న పాత ప్రశ్న కూడా ఈ పరిశోధనలో చోటు చేసుకుంది. ఈ రెండు ప్రశ్నలకూ ముఖ్యమైన ఆధారం అనుభవించినవారి మాట. ఆ మాట ఏ సంప్రదాయంలో రూపుదిద్దుకుందో విలియం జేమ్స్, ఆల్డస్ హక్స్‌లీ, మరియా సబీనాల కథనాల ద్వారా, ఆధునిక ప్రశ్నావళి చరిత్ర ద్వారా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'మాటలకు అందనితనం' ఈ అనుభవానికి అన్నిచోట్లా ఉండే లక్షణం కాదనీ, ఒక గ్రంథసంప్రదాయం దానికి ఇచ్చిన లక్షణమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చైతన్యం, మార్మికత, అనిర్వచనీయత, సైలోసైబిన్, ప్రశ్నావళి, ధ్వని, ఎరుక.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విమర్శలో 'చైతన్య స్రవంతి' సుపరిచితమైన పదం. ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజు సాగిన ఆలోచనల ప్రవాహాన్ని చిత్రించిన నవీన్ 'అంపశయ్య' నవల (1969) గురించి మాట్లాడేటప్పుడు ఈ పదం వాడని విమర్శకులు అరుదు. దీనికి మూలమైన ఆంగ్లపదాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్. ఆలోచన తునకలు తునకలుగా ఉండదని, ఏరులా పారుతుందని ఆయన 1890లో వెలువరించిన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో వివరించాడు.

అదే జేమ్స్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన చైతన్యంలో కలిగిన మార్పును స్వయంగా గమనించాడు. పళ్ల వైద్యులు నొప్పి తెలియకుండా వాడే వాయువు అది. నవలాశిల్పాన్ని వివరించే ఒక పారిభాషిక పదమూ, మత్తులో కలిగే అనుభవాన్ని వర్ణించే పారిభాషిక పదాలూ ఒకే ఆలోచనాపరుని రచనల ద్వారా వ్యాప్తిలోకి వచ్చాయి. సైకెడెలిక్ పరిశోధనను వైద్యశాస్త్రానికి మాత్రమే సంబంధించిన విషయంగా భావించే పాఠకులు ఈ బంధుత్వాన్ని గుర్తుంచుకోవాలి. ఈ రంగంలో రోగి చెప్పే మాట ఒక సాక్ష్యం. సాక్ష్యం కథనరూపంలో ఉంటుంది. కథనాన్ని చదివే పద్ధతి విమర్శకు తెలుసు.

2. జేమ్స్: నాలుగు లక్షణాలు, ఒక హెచ్చరిక

జేమ్స్ 1882లో ప్రచురించిన ఒక తాత్త్విక వ్యాసానికి నైట్రస్ ఆక్సైడ్ అనుభవాన్ని గురించిన అనుబంధాన్ని చేర్చాడు. మత్తులో ఉన్నప్పుడు సకల విరోధాలూ ఒకటిలో లయించినట్టు, విశ్వసత్యం అరచేతిలో ఉన్నట్టు ఆయనకు తోచింది. ఆ క్షణంలో తోచిన మాటలను కాగితంపై రాసుకున్నాడు. మత్తు దిగిన తరువాత చదివితే ఆ వాక్యాలలో అర్థం కనిపించలేదు. ఈ సంగతిని ఆయన దాచలేదు. సత్యం తెలిసిందన్న భావం ఒకటి, తెలిసిన సత్యం ఇంకొకటి కావచ్చునన్న హెచ్చరిక ఆ కాగితాలలోనే ఉంది.

ఇరవై ఏళ్ల తరువాత, ఎడిన్‌బరోలో చేసిన ఉపన్యాసాల ఆధారంగా 1902లో వెలువడిన 'ద వెరైటీస్ ఆఫ్ రిలీజియస్ ఎక్స్‌పీరియెన్స్' గ్రంథంలో జేమ్స్ మార్మికానుభవానికి నాలుగు లక్షణాలు చెప్పాడు. మాటలకు అందకపోవడం మొదటిది. ఏదో జ్ఞానం కలిగిందన్న నిశ్చయం రెండవది. ఎక్కువసేపు నిలవకపోవడం మూడవది. అనుభవం మనిషి వశంలో ఉండకపోవడం నాలుగవది. మొదటి రెండింటికే ఆయన ప్రాధాన్యం ఇచ్చాడు. ఈ లక్షణాలను ఆయన ప్రధానంగా గ్రంథాల నుంచి, లిఖిత వాంగ్మూలాల నుంచి సేకరించాడు. అంటే మాటలకు అందదని చెప్పిన మాటలను పోగుచేసి, వాటి నుంచి ఒక లక్షణాన్ని రాబట్టాడు. ఇందులోని వైరుధ్యం చిన్నది కాదు.

3. హక్స్‌లీ: ముందే సిద్ధమైన పదకోశం

1953 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో ఆల్డస్ హక్స్‌లీ మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ పర్యవేక్షణలో 0.4 గ్రాముల మెస్కలిన్ తీసుకున్నాడు. మరుసటి సంవత్సరం 'ద డోర్స్ ఆఫ్ పర్సెప్షన్' వెలువడింది. పూలపాత్రలోని మూడు పూలు, కుర్చీ కాళ్లు, తొడుక్కున్న ప్యాంటు ముడతలు అతని కంటికి అస్తిత్వమే మూర్తీభవించినట్టు కనిపించాయి. మెదడు చైతన్యాన్ని పుట్టించదనీ, అపారమైన చైతన్యాన్ని బతుకుకు సరిపడేంత సన్నని ధారగా కుదించి ఇస్తుందనీ ఒక భావన ఉంది. తత్త్వవేత్తలు బెర్గ్‌సన్, సి.డి. బ్రాడ్‌ల నుంచి హక్స్‌లీ దానిని స్వీకరించాడు. తాను చూసినదానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు 'సచ్చిదానందం' అన్న భారతీయ పదాన్ని ఆశ్రయించాడు.

ఆ పదం అతనికి ఆ రోజు కొత్తగా తట్టలేదు. వివిధ మతాల మార్మిక వాక్యాలను సంకలనం చేసి వ్యాఖ్యానించిన 'ద పెరెన్నియల్ ఫిలాసఫీ'ని అతడు 1945లోనే ప్రచురించాడు. దక్షిణ కాలిఫోర్నియా వేదాంత సమాజంతో అతనికి సన్నిహిత పరిచయం ఉంది. మెస్కలిన్ అతనికి చూపు ఇచ్చిందేమో గాని పదకోశం ఇవ్వలేదు. అది ఎనిమిదేళ్ల ముందే అచ్చయింది. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్యమతాల ఆచార్యుడు ఆర్.సి. జేనర్ 1957లో ప్రచురించిన గ్రంథంలో హక్స్‌లీ నిర్ణయాలను తీవ్రంగా ఖండించాడు. అతడు తానూ మెస్కలిన్ తీసుకొని చూశాడు. అందులో అతనికి దైవం కనిపించలేదు, నవ్వు పుట్టించే వింత మాత్రం కనిపించింది. ఒకే రసాయనం ఇద్దరు పండితుల చేత రెండు వేర్వేరు గ్రంథాలు రాయించింది. ఆ భేదానికి కారణాన్ని రసాయనంలో మాత్రమే వెతకలేం.

హక్స్‌లీ రచనలో మరో విశేషం ఉంది. మాటలు చాలవని పదే పదే చెబుతూనే, ప్యాంటు ముడతలను వర్ణించి పాఠకునికి ఆ అనుభవపు ఛాయను అందించగలిగాడు. దీనిని అర్థం చేసుకోవడానికి మన అలంకారశాస్త్రం మెరుగైన సాధనం. 'శృంగారం' అన్న మాటను ఉచ్చరించినంత మాత్రాన శృంగారరసం కలగదనీ, విభావాదుల ద్వారా అది వ్యంగ్యమవుతుందనీ ధ్వనివాదులు నిరూపించారు. రసం వాచ్యం కాదు. అయినా అది కావ్యంలోని మాటల ద్వారానే సహృదయునికి చేరుతుంది. కనుక 'పేరు పెట్టి చెప్పలేం' అన్నంత మాత్రాన 'మాటలకు అందదు' అని అర్థం కాదు. జేమ్స్ చెప్పిన మొదటి లక్షణంలో ఈ రెండూ కలిసిపోయాయి.

'సైకెడెలిక్' అన్న పదం కూడా సాహిత్య వినోదం నుంచే పుట్టింది. 1956లో హక్స్‌లీ, ఆస్మండ్‌లు ఈ పదార్థాలకు తగిన పేరు కోసం ఒకరికొకరు ద్విపదలు రాసి పంపుకున్నారు. ఆస్మండ్ పద్యంలోని పదం నిలిచింది. మనసును వ్యక్తం చేసేది అని దాని గ్రీకు వ్యుత్పత్తి. పేరులోనే ఒక సిద్ధాంతం ఉంది: పదార్థం మనసుకు ఏదీ చేర్చదు, ఉన్నదానిని బయటపెడుతుంది. పరీక్షకు ముందే తీర్పు చెప్పిన పేరు అది.

4. మరియా సబీనా: పుట్టగొడుగు మాట్లాడుతుంది

మెక్సికోలోని ఒహాకా రాష్ట్రంలో వావుత్లా దె హిమెనెజ్ అనే కొండ ఊరు ఉంది. అక్కడి మసాతెక్ తెగకు చెందిన మరియా సబీనా (1894–1985) చదవడం, రాయడం రాని వైద్యురాలు. రాత్రివేళ రోగిని, బంధువులను కూర్చోబెట్టుకొని, పుట్టగొడుగులు తిని, తెల్లవార్లూ గానం చేస్తూ వ్యాధి మూలాన్ని కనుగొనడం ఆమె వృత్తి. 1955 జూన్‌లో న్యూయార్క్ బ్యాంకు అధికారి గోర్డన్ వాసన్ ఆ సభలో పాల్గొన్నాడు. 1957 మే 13 నాటి 'లైఫ్' పత్రికలో అతడు రాసిన వ్యాసం ఆ పుట్టగొడుగులను ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ జాతి పుట్టగొడుగుల నుంచే స్విట్జర్లాండ్ రసాయనవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో సైలోసైబిన్‌ను వేరుచేశాడు. నేటి ప్రయోగశాలలలో ఇస్తున్న మందు వంశవృక్షం ఆమె ఇంటి నుంచే మొదలవుతుంది.

ఆమె గానానికి సంబంధించిన ధ్వనిముద్రణలు, ఆమె చెప్పగా ఆల్వారో ఎస్త్రాదా గ్రంథస్థం చేసి 1977లో వెలువరించిన జీవితకథ నేడు అందుబాటులో ఉన్నాయి. వాటిలో కనిపించే అనుభవం జేమ్స్ మొదటి లక్షణానికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. అక్కడ పుట్టగొడుగు మాటను తీసివేయదు, మాటను ఇస్తుంది. గానంలోని పాదాలు 'అంటోంది' అన్న అర్థమిచ్చే చిన్న పదంతో ముగుస్తాయి. ఆ క్రియకు కర్త ఆమె కాదు, పుట్టగొడుగు. దర్శనంలో పెద్దలు తనకు ఒక గ్రంథాన్ని ఇచ్చారనీ, అక్షరం రాని తాను దానిని చదివాననీ ఆమె చెప్పుకున్నది. అమెరికన్ రచయిత హెన్రీ మన్ 1973లో ప్రచురితమైన వ్యాసంలో ఈ పుట్టగొడుగులను భాషకు సంబంధించినవిగా వివరించాడు. అనుభవం ఎంత లోతుగా ఉంటే వాక్కు అంత ధారాళంగా సాగడం ఈ సంప్రదాయంలోని ప్రమాణం.

ప్రయోజనంలోనూ భేదం ఉంది. వాసన్‌కు ముందు దేవుణ్ణి వెతకడం కోసమని ఎవరూ ఆ పుట్టగొడుగులు తినలేదనీ, రోగం నయం కావడానికే తినేవారనీ ఆమె స్పష్టంగా చెప్పింది. గ్రామాధికారి కోరడం వల్లనే ఆ విదేశీయుణ్ణి సభలోకి రానిచ్చింది. ఆ తరువాత వచ్చిన సందర్శకుల తాకిడితో ఊరి శాంతి చెడింది, ఆమె ఇల్లు తగలబడింది. అపరిచితులు వచ్చాక పుట్టగొడుగుల శక్తి తగ్గిపోయిందని ఆమె బాధపడింది. ఈ చరిత్రను కేవలం దోపిడీ కథగా చదివితే సగమే చదివినట్టు. పదార్థం ప్రయోగశాలకు చేరింది. దానితోపాటు ఉన్న వాక్సంప్రదాయం చేరలేదు. ఆ ఖాళీలోకి వచ్చినవి జేమ్స్ లక్షణాలు.

5. ప్రార్థనామందిరం నుంచి ప్రశ్నావళికి

1960లో తత్త్వవేత్త వాల్టర్ స్టేస్ క్రైస్తవ, ఇస్లామిక, హైందవ, బౌద్ధ మార్మికుల రచనలను పోల్చి, వాటి ఉమ్మడి లక్షణాలను 'మిస్టిసిజం అండ్ ఫిలాసఫీ'లో క్రోడీకరించాడు. మాండూక్యోపనిషత్తు కూడా ఆయన ఆధారాలలో ఉంది. వైద్యుడు, మతాచార్యుడు అయిన వాల్టర్ పాన్కే ఈ లక్షణాలను తొమ్మిది వర్గాలుగా అమర్చి కొలమానం చేశాడు. 1962 ఏప్రిల్ 20న, గుడ్ ఫ్రైడే రోజు, బోస్టన్ విశ్వవిద్యాలయంలోని మార్ష్ ఛాపెల్‌లో ఇరవై మంది వేదాంతవిద్యార్థులపై ప్రయోగం జరిగింది. పదిమందికి సైలోసైబిన్, పదిమందికి నికోటినిక్ ఆమ్లం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రహస్యంగా ఉంచాలన్న నియమం కాసేపటికే నిష్ఫలమైంది. ఎవరు మందు తీసుకున్నారో చూస్తేనే తెలిసిపోయింది. 1991లో రిక్ డోబ్లిన్ ప్రచురించిన అనంతర పరిశీలనలో మరో విషయం బయటపడింది. పాల్గొన్నవారిలో ఒకరు తీవ్రంగా కలత చెందగా శాంతపరిచే సూదిమందు ఇవ్వవలసి వచ్చిందనీ, ఆ సంగతి మూల నివేదికలో లేదనీ తేలింది.

పాఠపరిశీలన దృష్టితో గమనించవలసిన సూక్ష్మాంశం ఇక్కడ ఉంది. స్టేస్, పాన్కేలు ఇద్దరూ 'అనిర్వచనీయత' అని ఊరుకోలేదు. 'అనిర్వచనీయమని చెప్పబడేది' అన్న అర్థం వచ్చే విశేషణాన్ని దానికి ముందు చేర్చారు. మార్మికులు అలా అంటారు, అది నిజమో కాదో వేరే విచారించాలి అన్న జాగ్రత్త ఆ విశేషణంలో ఉంది. నేడు విస్తృతంగా వాడుతున్న ముప్ఫై ప్రశ్నల మార్మికానుభవ ప్రశ్నావళిలో నాలుగు విభాగాలు ఉన్నాయి: మార్మికత, ప్రసన్నభావం, దేశకాలాతీతత, అనిర్వచనీయత. చివరిదానికి ముందున్న విశేషణం జారిపోయింది. ఒకరు వాడిన మాటగా మొదలైనది అనుభవంలోని గుణంగా స్థిరపడింది.

ఫలితం సామాన్యమైనది కాదు. నాలుగు విభాగాలలో ప్రతిదానిలోనూ గరిష్ఠ గణనలో కనీసం 60 శాతం వస్తేనే అది 'సంపూర్ణ మార్మికానుభవం'గా నమోదవుతుంది. కలిగిన అనుభవాన్ని చక్కగా, తడుముకోకుండా చెప్పగలనని భావించిన వ్యక్తికి నాలుగవ విభాగంలో గణన తగ్గుతుంది. మిగిలిన మూడింటిలో ఎంత వచ్చినా అతని అనుభవం సంపూర్ణం కాదు. ఈ ప్రశ్నావళి ముందు కూర్చుంటే తెల్లవార్లూ ధారాళంగా పాడిన మరియా సబీనా కూడా అసంపూర్ణురాలిగానే తేలే అవకాశం ఉంది.

6. చికిత్స: రోగికి ఎవరి మాట ఇస్తున్నారు?

1970లో అమెరికా చట్టం, 1971లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఈ పదార్థాలను కట్టడి చేశాయి. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఎల్.ఎస్.డి., సైలోసైబిన్‌లు నియంత్రిత పదార్థాలే. చాలాకాలం మందగించిన పరిశోధనకు 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం ప్రచురించిన అధ్యయనం కొత్త ఊపిరి పోసింది. అందులో పాల్గొన్న 36 మందిలో 22 మందికి సంపూర్ణ మార్మికానుభవం కలిగినట్టు నమోదైంది. వారందరూ అప్పటికే ఏదో ఒక ఆధ్యాత్మిక సాధనలో ఉన్నవారేనన్న విషయాన్ని ఆ ఫలితంతో కలిపి చదవాలి.

2022లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, ఇతర మందులకు లొంగని కుంగుబాటుతో బాధపడుతున్న 233 మంది పాల్గొన్నారు. మూడు వారాల తరువాత 25 మిల్లీగ్రాముల సైలోసైబిన్ తీసుకున్నవారిలో 37 శాతం మందికి, 1 మిల్లీగ్రాము తీసుకున్నవారిలో 18 శాతం మందికి చెప్పుకోదగిన ఉపశమనం కనిపించింది. పన్నెండు వారాల వరకు నిలిచిన ఉపశమనం మొదటి వర్గంలో 20 శాతం మందికే. ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రయత్నాలు అన్ని మోతాదుల వర్గాలలోనూ నమోదయ్యాయి. ఈ అంకెలు ఆశను నిరాకరించవు. అద్భుతాన్నీ ధ్రువీకరించవు.

ఆ అంకెల వెనుక ఉన్నవారు ఎన్నో మందులు వాడి విసిగిపోయినవారు. సోఫాపై పడుకొని, కళ్లకు గంతలు కట్టుకొని, సంగీతం వింటూ గంటల తరబడి తమను తాము అపరిచితులకు అప్పగించుకున్నవారు. ఆ స్థితిలో మనసు సూచనలకు సులువుగా లొంగుతుంది. ముందురోజు చికిత్సకుడు చెప్పిన మాట, గదిలో పెట్టిన విగ్రహం, తరువాత పూరించవలసిన ప్రశ్నావళి కూడా ఆ అనుభవాన్ని తీర్చిదిద్దే విభావాలే. గ్రిఫిత్స్ సహచరుడు మాథ్యూ జాన్సన్ చికిత్సాగదిలో బుద్ధవిగ్రహం వంటి మతచిహ్నాలు ఉంచడాన్ని ప్రశ్నించడం ఈ కారణం వల్ల సముచితం. 'నీకు కలిగినది మాటలకు అందదు' అని రోగికి ముందే నేర్పితే, తనకు కలిగిన భయాన్ని, జరిగిన అనుచితాన్ని చెప్పుకునే భాషను కూడా అతని నుంచి తీసుకున్నట్టవుతుంది. మార్ష్ ఛాపెల్ నివేదికలో చోటు దక్కని ఆ ఒక్క విద్యార్థి ఇందుకు నిదర్శనం. అతని అనుభవం మాటలకు అందకపోలేదు. దానిని రాయలేదు.

7. చైతన్య రహస్యం: సాక్ష్యానికి హద్దు

మెదడులోని సెరొటోనిన్ గ్రాహకాలలో ఒక రకంపై ఈ పదార్థాలు ప్రధానంగా పనిచేస్తాయని తెలిసింది. 2012లో ప్రచురితమైన మెదడు చిత్రణ అధ్యయనంలో సైలోసైబిన్ ప్రభావంలో కొన్ని కీలక కేంద్రాలలో రక్తప్రసరణ పెరగకపోగా తగ్గినట్టు కనిపించింది. మెదడు చైతన్యాన్ని కుదించే ద్వారమన్న హక్స్‌లీ భావనకు ఇది రుజువని భావించినవారున్నారు. రక్తప్రసరణలో తగ్గుదల ఒక కొలత. అపారచైతన్యం ఒక రూపకం. కొలత రూపకానికి దగ్గరగా కనిపించినంత మాత్రాన దానిని నిరూపించినట్టు కాదు. భౌతిక ప్రక్రియ నుంచి అనుభూతి ఎలా పుడుతుందన్న ప్రశ్నను డేవిడ్ చామర్స్ 1995లో 'కఠిన సమస్య'గా పేర్కొన్నాడు. ఆ ప్రశ్న ఈ చిత్రాల తరువాత కూడా అలాగే ఉంది.

ఇక్కడ మళ్లీ జేమ్స్ వద్దకు రావాలి. మార్మికానుభవం దానిని పొందినవారికి ప్రమాణమే కాని, బయటివారు దానిని శిరసావహించవలసిన పని లేదని ఆయన నిర్ణయించాడు. అదే సమయంలో, మామూలు మెలకువ ఒక్కటే చైతన్యం కాదని ఆ అనుభవం గుర్తుచేస్తుందనీ అన్నాడు. ఆయన లక్షణాలను స్వీకరించిన తరువాతి పరిశోధన ఆయన విధించిన హద్దును అంత శ్రద్ధగా స్వీకరించలేదు.

8. ముగింపు

తెలుగులో చైతన్యానికి 'ఎరుక' అన్న దేశిపదం ఉంది. తాత్త్వికులు దానిని ఆత్మజ్ఞానం అన్న అర్థంలో వాడారు. జనవ్యవహారంలో 'ఎరుక చెప్పడం' అంటే సోదె చెప్పడం. ఒకే మాటలో తెలుసుకోవడమూ, తెలిసినది ఎదుటివారికి పలకడమూ కలిసి ఉన్నాయి. చైతన్యాన్ని మూగదిగా భావించే సంప్రదాయంతోపాటు పలికేదిగా భావించే సంప్రదాయం కూడా తెలుగువారి భాషలో జీవించి ఉంది. సైకెడెలిక్ పరిశోధన గురించి తెలుగులో రాసేవారు ఇంగ్లీషు నుంచి 'అనిర్వచనీయత'ను మాత్రమే తెచ్చుకోనవసరం లేదు.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. సైకెడెలిక్ అనుభవపు కొలమానం గ్రంథాల నుంచి పుట్టింది కనుక దానిని ఒక పాఠంగా కూడా చదవాలి. మాటలకు అందనితనం సార్వత్రికం కాదని మసాతెక్ సంప్రదాయం చూపుతోంది. కనుక దానిని అనుభవ సంపూర్ణతకు షరతుగా పెట్టడం పునరాలోచించవలసిన విషయం. రోగి కథనాన్ని అంకెగా మార్చడానికి ముందు కథనంగా నమోదు చేయాలి. భయాన్ని, విముఖతను చెప్పిన కథనాలకు ఆనందాన్ని చెప్పిన కథనాలతో సమానమైన చోటు ఇవ్వాలి. మందు పనిచేస్తుందో లేదో వైద్యశాస్త్రం తేలుస్తుంది. ఆ మందు తీసుకున్న మనిషి ఏమి చెబుతున్నాడో, ఎవరి మాటల్లో చెబుతున్నాడో వినడం మాత్రం సాహిత్య విమర్శ తన బాధ్యతగా స్వీకరించవలసిన పని.